ఏఐ రిపోర్టులో 46 శాతం వస్తే థీసిస్ మొత్తం తిరగరాయాలా?

ప్రశ్న సారాంశం: "సోంపేట దగ్గర డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెబుతూ పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ చేస్తున్నాను. ఉద్దానంలో కిడ్నీ రోగులున్న ఇళ్లమీద వైద్యం ఖర్చు ఎంత పడుతోందన్నది నా అంశం. ఇంటర్వ్యూలు, మొదటి ముసాయిదా తెలుగులో నేనే రాసుకున్నాను. ఇంగ్లీషులోకి మార్చడం, దిద్దడం చాట్‌జీపీటీతో చేయించాను. సిమిలారిటీ, అంటే వేరేవాళ్ల రాతలతో పోలిక, 7 శాతమే వచ్చింది గానీ ఏఐ రిపోర్టులో, అంటే యంత్రం రాసిందన్న అంచనాలో, 46 శాతం వచ్చింది. గైడు గారు మొత్తం తిరగరాయమంటున్నారు. ఒకతను, యంత్రం రాతని మనిషి రాతలా మార్చే హ్యూమనైజర్ సాఫ్ట్‌వేర్‌లో పెట్టి సున్నాకి దించుతానని డబ్బు అడుగుతున్నాడు. ఏం చెయ్యమంటారు? యంత్రాలే పేపర్లు రాసేస్తుంటే మనలాంటివాళ్ల రీసెర్చికి ఇక విలువుంటుందా? మచ్చుకి ఒక ఇంటర్వ్యూ నోటు, దానిమీద థీసిస్‌లో వచ్చిన పేరా పెడుతున్నాను."

అమ్మా, ముందు ఆ హ్యూమనైజర్ అతనికి పైసా ఇవ్వకండి. అడ్వాన్సు ఇచ్చేసి ఉంటే పోయిందనుకోండి, ఫైలు మాత్రం అతని చేతికి పోనివ్వకండి. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడుతుంది. ఆ సాఫ్ట్‌వేర్లు చేసేదల్లా ఉన్న మాట తీసి దగ్గరి మాట ఇంకోటి పెట్టడం. ఇదేం కొత్త విద్య కాదు. చాట్‌జీపీటీ రాకముందు సిమిలారిటీ తప్పించుకోడానికి ఇదే పని చేసేవారు. గియోమ్ కబానాక్, సిరిల్ లాబే, అలెగ్జాండర్ మగజినోవ్ అనే ముగ్గురు పరిశోధకులు 2021లో, అప్పటికే అచ్చయిన పేపర్ల నుంచి ఇలాంటి వంకర మాటలు ఏరి బయటపెట్టారు. ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ కాస్తా 'కౌంటర్‌ఫిట్ కాన్షస్‌నెస్' అయింది. బ్రెస్ట్ క్యాన్సర్ 'బోసమ్ పెరిల్' అయింది. కిడ్నీ ఫెయిల్యూర్ 'కిడ్నీ డిసప్పాయింట్‌మెంట్' అయి కూర్చుంది, అంటే కిడ్నీకి ఆశాభంగం కలిగిందన్నమాట! మీ అంశమే కిడ్నీలు. వైవాలో ఎగ్జామినర్ ఆ పేజీ తీసి చదవమంటే ఏం చేస్తారు? పైగా కబానాక్ బృందం ఇలాంటి మాటల కోసం అచ్చయిన పేపర్లని జల్లెడ పట్టే ప్రోగ్రాం ఒకటి నడుపుతోంది. ఇవాళ తప్పించుకున్నది పదేళ్ల తరవాతైనా దొరుకుతుంది. థీసిస్ శోధ్‌గంగలోకి, అంటే దేశంలోని థీసిస్‌లు ఆన్‌లైన్‌లో దాచే చోటికి, ఎక్కాక అది మీ పేరుతో అక్కడే ఉంటుంది కదండీ.

నేను ఉండేది విజయనగరంలో. లైబ్రరీలో సిమిలారిటీ రిపోర్టులు తీసే సీటులో చాలా ఏళ్లు పనిచేశాను. జర్నళ్లకి రివ్యూలు కూడా చేస్తుంటాను. మీ గైడు గారి కంగారు ఎక్కడ పుట్టిందో అర్థమైంది. ఆయన రెండు వేరే అంకెల్ని ఒకే గాటన కట్టేస్తున్నారు.

యూజీసీ 2018 ప్లేజరిజం నిబంధనల్లో ఉన్న శ్లాబులు సిమిలారిటీకి సంబంధించినవి. 10 శాతం వరకు ఏ చర్యా లేదు. 10 నుంచి 40 లోపు ఉంటే దిద్దుకుని ఆర్నెల్లలోగా మళ్లీ ఇమ్మంటారు. 40 నుంచి 60 అయితే ఏడాదిపాటు సబ్మిట్ చెయ్యనివ్వరు. 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. కొటేషన్ గుర్తులు పెట్టి, మూలం చెప్పి వాడినవి, గ్రంథసూచి, విషయసూచిక, ముందుమాట, కృతజ్ఞతలు ఆ లెక్కలోకి రావు. మీకు వచ్చింది 7. అక్కడికి ఆ గొడవ అయిపోయింది. 46 అనేసరికి ఆయనకి ఆ 40-60 శ్లాబు కళ్లముందు కనిపించి ఉంటుంది. కానీ ఆ నిబంధనలు రాసినప్పుడు చాట్‌జీపీటీయే లేదు, అది జనంలోకి వచ్చింది 2022 నవంబరు 30న. ఏఐ శాతానికి అందులో శ్లాబు లేదు. అయితే కొన్ని యూనివర్సిటీలు సొంతంగా సర్క్యులర్లు ఇచ్చి ఇంతకు మించకూడదని పరిమితి పెడుతున్నాయి. మీ రీసెర్చి సెల్లులో అలాంటి సర్క్యులర్ ఉందేమో అడిగి కాపీ తీసుకోండి. నోటిమాటగా కాదు, కాగితమ్మీద. కాగితం ఉంటే దాని ప్రకారం నడుచుకోవాల్సిందే. లేకపోతే ఆ 46 ఒక సాఫ్ట్‌వేర్ అనుమానం మాత్రమే, తీర్పు కాదు.

ఆ అనుమానానికి ఎంత విలువివ్వాలో చెప్తాను. చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐ కంపెనీయే 2023 జనవరిలో ఒక డిటెక్టర్ తెచ్చింది. తన యంత్రం రాసిందాన్ని అది పట్టుకోగలిగింది 26 శాతం మాత్రమేనని, మనుషులు రాసినవాటిలో 9 శాతాన్ని యంత్రం రాతగా పొరబడుతోందని తనే చెప్పుకుంది. ఆ జులైలో దాన్ని మూసేసింది. ఇలాంటి రిపోర్టులిచ్చే టర్నిటిన్ సాఫ్ట్‌వేర్ అయితే ఏఐ శాతం 20 కంటే తక్కువొస్తే అంకె చూపించడం మానేసి నక్షత్రం గుర్తు (*) పెడుతుంది. తన రిపోర్టు ఒక్కదాన్నే పట్టుకుని ఎవరిమీదా చర్య తీసుకోవద్దని కూడా అంటుంది. అదే 2023లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు, ఇంగ్లీషు మాతృభాష కానివాళ్లు టోఫెల్ పరీక్షకి రాసిన 91 వ్యాసాల్ని ఏడు డిటెక్టర్లకి ఇచ్చి చూశారు. అవన్నీ మనుషులు రాసినవే. సగటున 61 శాతం వ్యాసాలమీద యంత్రం రాసిందన్న ముద్ర పడింది. అమెరికాలో ఎనిమిదో తరగతి పిల్లల వ్యాసాలు మాత్రం దాదాపుగా అన్నీ శుభ్రంగా బయటపడ్డాయి. డిటెక్టరు ఎక్కువగా చూసేది ఇది: తరవాత ఏ మాట వస్తుందో ఎంత తేలిగ్గా ఊహించొచ్చు అని. మనం ఇంగ్లీషు నేర్చుకున్నది గైడు పుస్తకాల్లోంచీ క్లాసు నోట్సుల్లోంచీ. ఆ నాలుగు వాక్యాల మూసలే తిప్పి తిప్పి వాడతాం. దాని కంటికి ఆ మూస యంత్రంలాగే కనిపిస్తుంది.

ఇదంతా చెప్పానని గైడు గారితో వాదనకి దిగకండి. మీ విషయంలో డిటెక్టరు అబద్ధమేమీ చెప్పలేదు. ఆ ఇంగ్లీషు నిజంగానే యంత్రం చేతి నుంచి వచ్చింది. ఆ శాతం ఎంతన్న లెక్కకంటే, ఆ చేతిలో పడి మీ సరుకులో ఏం పోయిందన్నది నన్ను ఎక్కువ కలవరపెట్టింది.

మీరు పెట్టిన నోటు చూడండి. భర్తకి డయాలసిస్ జరుగుతున్న ఒకావిడ మాట: "ఆయన్ని పలాస ఏసుకెల్లిన రోజు నా కూలి పోద్ది. మర్నాడు ఆయన నెగలేడు, నాను ఇంటికాడే ఉండాల. ఆ కూలీ పోద్ది." దీనిమీద మీ థీసిస్‌లో వచ్చిన ఇంగ్లీషు పేరా ఏం చెబుతోంది? దీర్ఘకాలిక చికిత్స వల్ల కుటుంబాలు గణనీయమైన ఆర్థిక, మానసిక భారాన్ని ఎదుర్కొంటున్నాయనీ, సంరక్షకుల జీవన నాణ్యతమీద బహుముఖ ప్రభావం పడుతోందనీ. వ్యాకరణం ఎక్కడా తప్పు లేదు. విషయం మాత్రం మాయమైంది. ఆవిడ చెప్పింది ఒక లెక్క. ఒక్క డయాలసిస్‌కి తోడు వెళ్లిన మనిషి కూలీ రెండు రోజులు పోతుంది. వారానికి రెండుసార్లు అంటే నాలుగు రోజులు. ఆసుపత్రి బిల్లులో ఇది కనిపించదు, ఉచిత డయాలసిస్ పథకం దీన్ని పూడ్చదు. ఎకనామిక్స్ థీసిస్‌కి ఇంతకంటే ఏం కావాలి? మీరు ఇంటింటికీ తిరిగి పట్టుకొచ్చిన ఈ ఒక్క ముక్కనీ యంత్రం ఏ దేశంలో ఏ రోగానికైనా అతికే వాక్యంగా మార్చేసింది. నికరాగువా గురించి రాసినా అదే వాక్యం రాస్తుంది.

అందుకే తిరగరాయాలా అంటే, కొంత రాయాలనే చెప్తాను. శాతం దించడానికి కాదు. ఫీల్డు వర్క్ అధ్యాయాల్ని, అంటే ఇంటర్వ్యూలు, వాటి విశ్లేషణ ఉన్నవాటిని, మీ తెలుగు ముసాయిదా పక్కన పెట్టుకుని మీ సొంత ఇంగ్లీషులో రాయండి. పొట్టి వాక్యాలు చాలు. ముఖ్యమైనచోట ఆవిడ మాటని తెలుగులోనే ఇచ్చి కింద అర్థం రాయండి. సోషల్ సైన్సు థీసిస్‌లకి అది చెల్లుతుంది, పైగా నిండుదనం ఇస్తుంది. అలా రాశాక ఆర్టికల్స్, టెన్సులు, స్పెల్లింగులు సరిచూడమని యంత్రానికి ఇస్తే నాకేం అభ్యంతరం లేదు. వాక్యం కట్టడం మీ పని, ముల్లు తీయడం దాని పని. మెథడాలజీ, టేబుళ్లు, శాంపిల్ వివరాలు ఎటూ లెక్కల మాటలే కాబట్టి వాటి జోలికి పోనక్కర్లేదు.

రివ్యూ ఆఫ్ లిటరేచర్ అధ్యాయం మాత్రం ప్రమాదం. మీ ప్రశ్నలో దాని ఊసే లేదు, నాకు అందుకే భయం. అది మీరు చదివి రాసిందా, సారాంశం ఇమ్మంటే యంత్రం ఇచ్చిందా?

ఉద్దానం కిడ్నీ జబ్బుకి కారణం ఇంకా రుజువు కాలేదు. నీళ్లలో సిలికా అన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో పనిచేసే ఒంటికి నీళ్లు చాలకపోవడమన్నారు, నొప్పి మాత్రలన్నారు. ఒక్కోదానికీ కొంత సాక్ష్యం ఉంది, ఏదీ తేలలేదు. శ్రీలంక ఉత్తర మధ్య రాష్ట్రంలోనూ, మధ్య అమెరికా చెరకు తోటల్లోనూ ఇలాగే తేలకుండా ఉంది. కారణం తెలియదు అనడం ఇక్కడ ఓ శాస్త్రీయ ఫలితం, ఏళ్ల తరబడి పనిచేసి చేరిన చోటు. యంత్రానికి సందేహం కిట్టదు. నా దగ్గరికొచ్చే ముసాయిదాల్లో ఈ నాలుగూ 'కారణాలు' అన్న శీర్షిక కింద వరసగా, ఒక్కోదానికి ఒక్కో పేరా చొప్పున, తేలిపోయిన విషయాల్లా ఉంటాయి. పైగా దానికి తెలిసిన అంకెలు పాత పేపర్లలోవి. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో మొదలైంది. అంతకుముందు విశాఖ వెళ్లొచ్చే ఖర్చుల మీద రాసిన అధ్యయనాన్ని ఇవాళ్టి పరిస్థితిగా అప్పజెబితే, మీ టాపిక్ నడుమే విరుగుతుంది.

ఇక రిఫరెన్సులు. వీటిని ఒక్కోటి చేత్తో చూడాల్సిందే. ఈ మధ్య ఒక స్కాలర్ జాబితా చూస్తుంటే ఒక ఎంట్రీ దగ్గర ఆగాను. రచయిత నిజమైన మనిషే, కిడ్నీలమీదే పనిచేస్తాడు. జర్నల్ నిజమైనదే. ఆ ఏడాది ఆ వాల్యూమ్ ఉంది. ఆ పేజీలు తీస్తే ధాన్యం నిల్వలమీద వ్యాసం! అలాంటి పేపరే ఈ భూమ్మీద లేదు. యంత్రం ఎక్కడా వెతికి తేలేదు, అలాంటి రచయిత అలాంటి జర్నల్లో రాస్తే శీర్షిక ఎలా ఉంటుందో అల్లింది. అందుకే పైపైన చూస్తే పట్టుబడదు. పద్ధతి ఇది: డీఓఐ (పేపరుకిచ్చే శాశ్వత నంబరు) ఉంటే డీఓఐ సైటులో పెట్టి, తెరుచుకున్న శీర్షిక, మీ జాబితాలో శీర్షిక ఒకటేనా చూడండి. డీఓఐ లేకపోతే జర్నల్ వెబ్‌సైట్లో ఆ సంచిక విషయసూచిక తీయండి. దొరికితే సరిపోదు, మీరు చెప్పిన మాట ఆ పేపర్లో ఏ పేజీలో ఉందో పెన్సిలుతో మార్జిన్లో రాసుకోండి. ఇప్పటి కొత్త యంత్రాలు నెట్‌లో వెతికి లింకులిస్తున్నాయి, ఆ లింకులు చాలావరకు నిజమైనవే. లింకు నిజమే, పేపరూ నిజమే, కానీ మీరు దాని నోట పెట్టిన మాట అందులో ఉండదు. ఇది అసలు లేని పేపరుకంటే చెడ్డ రకం, ఎందుకంటే ఎవరూ తెరిచి చూడరు. తరవాత రిట్రాక్షన్ వాచ్ డేటాబేస్‌లో ఆ పేపర్ వెనక్కి తీసుకున్నారేమో కూడా చూడండి. 2023లో క్రాస్‌రెఫ్ సంస్థ దాన్ని తీసుకుని అందరికీ ఉచితంగా తెరిచింది.

అసలు పేపర్లు దొరకవని సారాంశాలతో సరిపెట్టుకునే రోజులు కూడా పోయాయి. కేంద్రం 2024 నవంబరులో ఆమోదించిన వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ కింద 30 మంది పబ్లిషర్ల దాదాపు 13,000 జర్నళ్లు ప్రభుత్వ విద్యాసంస్థలకి అందుతున్నాయి. మూడేళ్లకి 6,000 కోట్ల రూపాయలు పెట్టారు. రాష్ట్ర యూనివర్సిటీలకీ వర్తిస్తుంది. మీ లైబ్రేరియన్‌ని అడిగి లాగిన్ తీసుకోండి. ఉత్తరాంధ్రలో కూర్చుని ఒక పేపర్ కోసం హైదరాబాదులో ఉన్న స్నేహితుణ్ని బతిమాలిన కాలం నాకు బాగా తెలుసు, మీ తరానికి ఆ అవస్థ తప్పింది.

పబ్లిషింగ్ ప్రపంచం ఈ విషయంలో ఎక్కడుందో కూడా కొంచెం తెలుసుకోండి, గైడు గారితో మాట్లాడటానికి పనికొస్తుంది. 2023 జనవరిలోనే నేచర్ పత్రిక చాట్‌జీపీటీ పేరుని రచయితగా ఒప్పుకునేది లేదంది, వాడితే ఎక్కడ వాడారో చెప్పమంది. సైన్స్ పత్రిక మొదట అసలు వాడకూడదని గట్టిగా అని, అదే ఏడాది నవంబరుకి కొంత సడలించింది, చెప్పి వాడుకోమంది. జర్నళ్ల నైతిక నియమాలు చూసే కోప్ కూడా రచయితగా ఒప్పుకోలేదు. కారణం అందరిదీ ఒకటే: రాసినదానికి పూచీ పడగలిగినవాడే రచయిత, యంత్రం పూచీ పడలేదు. భాష దిద్దించుకోవడాన్ని ఇప్పుడు వీళ్లలో ఎవరూ నేరమనడం లేదు. దాచడాన్ని నేరమన్నారు.

కాబట్టి థీసిస్ మొదట్లో డిక్లరేషన్ ఒకటి పెట్టండి. ఇలా ఉంటే చాలు: "ఇంటర్వ్యూలు, లెక్కలు, విశ్లేషణ, తెలుగు ముసాయిదా నావి. ఫలానా అధ్యాయాలకి, ఫలానా నెలల్లో, అనువాదానికీ భాష దిద్దడానికీ చాట్‌జీపీటీ వాడాను. ప్రతి వాక్యాన్నీ నా ఫీల్డు నోట్సుతో పోల్చి చూసుకున్నాను. తప్పులుంటే బాధ్యత నాది." ఆ మూడో వాక్యం నిజమయ్యాకే సంతకం చెయ్యండి. తెలుగు ముసాయిదాలు, తేదీలున్న ఫైళ్లు, నోటుపుస్తకాలు ఏవీ పారెయ్యకండి. రేపెవరైనా ఇది మీరు రాసింది కాదంటే డిటెక్టరు అంకెకి ఎదురు చూపించగలిగిన సాక్ష్యం అదే.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, ఆవలి పక్క ఏం జరుగుతోందో చూస్తే మీకే అర్థమవుతుంది. 2023 ఒక్క ఏడాదిలో ప్రపంచమంతా కలిపి 10,000కి పైగా పేపర్లు రిట్రాక్ట్ అయ్యాయి. వాటిలో 8,000కి పైగా ఒక్క హిందావి జర్నళ్లవే. వైలీ కంపెనీ 2021లో దాదాపు 30 కోట్ల డాలర్లకి కొన్న సంస్థ అది. దొంగ పేపర్లు వండే మిల్లుల దెబ్బకి చివరికి ఆ పేరే ఎత్తేశారు. 2024 ఫిబ్రవరిలో ఒక జర్నల్లో ఏఐ గీసిన ఎలుక బొమ్మ అచ్చయింది. అవయవాల పరిమాణం చూస్తే నవ్వాగదు, పక్కన రాసిన మాటలు ఏ భాషకీ చెందవు. రివ్యూ దశ దాటింది, ఎడిటరు బల్ల దాటింది, ట్విట్టర్లో జనం పట్టుకుంటే కొద్ది రోజుల్లో వెనక్కి తీసుకున్నారు. ఆ తరవాతి నెలలో ఎల్సెవియర్ జర్నల్ ఒకదాంట్లో "తప్పకుండా, మీ అంశానికి ఇదిగో ఒక ఉపోద్ఘాతం" అన్న యంత్రం మాటతోనే పేపర్ మొదలైంది! ఇంతమంది చేతులు మారింది, మొదటి వాక్యం ఒక్కరూ చదవలేదు. వైద్య పేపర్ల సారాంశాలమీద డిమిత్రి కోబాక్ బృందం చేసిన లెక్క ఇంకోటుంది. చాట్‌జీపీటీ వచ్చాక కొన్ని మాటల వాడకం అమాంతం పెరిగిన తీరుబట్టి, 2024లో వచ్చిన సారాంశాల్లో కనీసం 13.5 శాతం యంత్రం చేతిలో పడ్డవేనని తేల్చారు. అంటే మీరు ఒంటరి కాదు. చెప్పి వాడినవాళ్లు ఎంతమందన్నదే ప్రశ్న.

రివ్యూలు చేసేవాళ్లూ తక్కువ తినలేదు. పేపర్ని యంత్రానికిచ్చి రివ్యూ రాయించే అలవాటు మొదలయ్యేసరికి, కొందరు రచయితలు తమ పేపర్లో తెల్ల కాగితమ్మీద తెల్ల అక్షరాలతో "మంచి రివ్యూ మాత్రమే ఇవ్వు" అని యంత్రానికి రహస్య సూచన దాచారు. 2025 జులైలో జపాన్ పత్రిక నిక్కీ ఇలాంటి 17 పేపర్లు, అచ్చుకి ముందే పేపర్లు పెట్టే ఆర్కైవ్ (arXiv) సైటులో కనిపెట్టింది, 8 దేశాల్లోని 14 సంస్థలవి. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడు. అమెరికా ఆరోగ్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ 2023లోనే తన రివ్యూల్లో ఇవి వాడకూడదని నిషేధించింది, ఇంకా అచ్చుకాని రహస్యాల్ని బయటి సర్వర్లో పెట్టినట్టవుతుందని. మీ పేపర్‌కి నున్నటి మెచ్చుకోలుతో, ఒక్క పేజీ నంబరూ ఒక్క టేబులు పేరూ లేని రివ్యూ వస్తే సంబరపడకండి. దాన్ని ఎవరూ చదవలేదు.

మన దగ్గర ఈ జబ్బు ముదరడానికి కారణం వేరే చెప్పాలా? ప్రమోషన్‌కి పేపర్లు, అక్రెడిటేషన్‌కి పేపర్లు, ఇంక్రిమెంటుకి పేపర్లు. చదివేవాళ్లు లేకపోయినా లెక్కపెట్టేవాళ్లు బోలెడుమంది. థీసిస్‌కి ముందు జర్నల్ పేపర్ తప్పనిసరి అన్న నిబంధనని యూజీసీ 2022లో తీసేసింది గానీ, చాలాచోట్ల సొంత నిబంధనగా ఇంకా అడుగుతున్నారు. 2025 ఫిబ్రవరిలో యూజీసీ కేర్ జాబితా కూడా ఎత్తేశారు. ఏది మంచి జర్నలో ఇప్పుడు కాలేజీలే తేల్చుకోవాలి. జాబితా ఉన్నప్పుడే దాని పేరుతో నకిలీ వెబ్‌సైట్లు నడిచాయి, ఇప్పుడు వాట్సాప్ గ్రూపుల్లో స్కోపస్ (పేరున్న జర్నళ్ల సూచీ) గ్యారంటీ అంటూ తిరిగేవాళ్లకి పట్టపగ్గాల్లేవు. మీ హ్యూమనైజర్ అతను రేపు పేపర్ కూడా తనే వేయిస్తానంటాడు, చూస్తుండండి.

మన రీసెర్చికి విలువుంటుందా అని అడిగారు. మీకు ఒళ్లు మండొచ్చు గానీ, నెట్‌లో ఉన్న పాతిక పేపర్లు చదివి ఇరవయ్యారోది రాసే రీసెర్చికి విలువ పోయింది. యంత్రం ఆ పని మనకంటే వేగంగా చేస్తుంది, మనమాత్రం బాగానూ చేస్తుంది. పోవాల్సిందే పోయింది. ఇంకా ఎవరూ రాయని విషయం దానికి తెలియదు. గిడుగు రామమూర్తి పంతులు గారు సవర భాష కోసం సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నారు, కొండలెక్కారు. దశాబ్దాల తరవాత 1931లో సవర మాన్యువల్, 1938లో నిఘంటువు అచ్చయ్యాయి. ఇప్పటికీ సవర గురించి యంత్రాన్ని అడిగితే ఆ కాస్త సరుకునే అటూ ఇటూ తిప్పి చెబుతుంది, మిగతాది కల్పిస్తుంది. సీతంపేట కొండల్లో ఇవాళ వినిపించే సవర మాటని రికార్డు చేసినవాడి పని ఏ యంత్రమూ ఇంట్లో కూర్చుని చెయ్యలేదు.

తెలుగు సంగతీ కొంత ఇంతే. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో శ్రీకాకుళంలో పెట్టిన కథానిలయంలో పాత పత్రికలు చూశారా? వాటిని స్కాన్ చేస్తే వచ్చేవి బొమ్మలే, అక్షరాలు కావు. వాటిని అక్షరాలుగా మార్చేటప్పుడు రెండు కాలమ్‌ల పేజీలో ఎడమ పక్క వాక్యం కుడి పక్క వాక్యంతో కలిసిపోతే ఏమవుతుందో ఇంగ్లీషులో ఇప్పటికే తెలిసింది. 1959 నాటి ఒక పేపర్ని డిజిటైజ్ చేసినప్పుడు రెండు కాలమ్‌ల మాటలు అతుక్కుని 'వెజిటేటివ్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీ' అనే లేని పద్ధతి ఒకటి పుట్టింది. పారశీక భాష నుంచి అనువాదంలో చుక్క తేడా వల్ల మరికొన్ని పేపర్లలోకి ఎక్కిందంటారు. చివరికి యంత్రాలు దాన్ని నిజమైన పదంగా నేర్చేసుకున్నాయి. ఇంగ్లీషుకే ఇలా జరిగింది. తెలుగు పట్ల ఈ యంత్రాలకి శ్రద్ధ అంతంతే. ఓపెన్‌ఏఐ 2024 మేలో కొత్త మోడల్ తెచ్చినప్పుడు, తెలుగులో ఒక చిన్న పేరాకి పాత మోడల్ 159 టోకెన్లు (యంత్రం రాతని తుంచుకునే ముక్కలు, డబ్బు లెక్క వాటిమీదే) మింగేదని, కొత్తది 45తో సరిపెడుతుందని గొప్పగా చెప్పుకుంది. అప్పటిదాకా మనం ఒకే మాటకి మూడున్నర రెట్లు కట్టామన్నమాట. అందుకే మీ రికార్డింగుల్ని యంత్రంతో రాయించినా చెవిపెట్టి మళ్లీ వినండి. బందరు తెలుగు కాస్త పట్టుకుంటుంది గానీ కవిటి, కంచిలి మాట దానికి ఇంకా కొరుకుడు పడదు.

రికార్డింగుల మాట వచ్చింది కాబట్టి ఇంకోటి. రోగుల పేర్లు, ఊరు, జబ్బు, అప్పుల వివరాలున్న ఇంటర్వ్యూల్ని ఉచితంగా దొరికే యాప్‌లలో ఉన్నదున్నట్టు పెట్టకండి. వాళ్లు మీకు నమ్మి చెప్పారు, ఏదో కంపెనీకి కాదు. ఇప్పటికే పెట్టి ఉంటే ఆ చాట్‌లు తీసేసి, సెట్టింగుల్లో ట్రెయినింగుకి వాడొద్దన్న ఆప్షన్ పెట్టండి. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా వచ్చింది. మీ ఎథిక్స్ కమిటీ ఇవాళ అడగకపోయినా రేపు అడుగుతుంది.

పేపర్ అచ్చుకిచ్చేటప్పుడు కాపీరైట్ ఫారం చదవకుండా సంతకం పెట్టే అలవాటు మనందరిదీ. 2024 మేలో టేలర్ అండ్ ఫ్రాన్సిస్ సొంతదారైన ఇన్ఫార్మా కంపెనీ, తన జర్నళ్లూ పుస్తకాల్లోని సరుకుని వాడుకోడానికి మైక్రోసాఫ్ట్‌కి ఇచ్చింది. మొదటి విడతకే కోటి డాలర్లకు పైగా తీసుకుంది. మమ్మల్ని ఒక్క మాటైనా అడగలేదని రచయితలు గోల పెట్టారు. ఫారంలో హక్కులన్నీ రాసిచ్చాక అడగాల్సిన పని వాళ్లకి లేదు మరి. రచయిత దగ్గర ఏం మిగులుతోందో చూసుకోండి. కనీసం శోధ్‌గంగలో థీసిస్ పెట్టుకునే హక్కు, తెలుగులో ఇదే విషయం రాసుకునే హక్కు మీ దగ్గర ఉంచుకోండి. రెండోది ఎవరూ పట్టించుకోరు గానీ, ఆ ఊళ్లవాళ్లు చదవగలిగింది అదొక్కటే.

గైడు గారి దగ్గరికి వెళ్లేటప్పుడు మూడు కాగితాలు పట్టుకెళ్లండి: సిమిలారిటీ రిపోర్టు, 2018 నిబంధనల్లో శ్లాబులున్న పేజీ, మీ డిక్లరేషన్ ముసాయిదా. ఏ అధ్యాయాలు తిరగరాస్తున్నారో, ఎందుకో మీరే ముందు చెప్పండి. ఆయన్ని సాధించడం కోసం కాదు, రేపు వైవాలో మీతోపాటు కూర్చోవాల్సింది ఆయనే. డిక్లరేషన్ రాశాక ఇక్కడ పెడితే చూస్తాను. రిఫరెన్సుల జాబితా కూడా పెట్టండి. ఇంటర్వ్యూ నోట్సు ఇంకా పెట్టాలనుకుంటే మాత్రం ఊరి పేరు, మనిషి ఆనవాళ్లు తీసేసి పెట్టండి. ఇప్పుడు పెట్టినదాంట్లో వీధి పేరు ఉండిపోయింది, ముందు అది తీసెయ్యండి.